మా అత్త నాలుగేళ్లు మింగిన మాట

మా మేనత్త మరమగ్గాల షెడ్డులో చేరి ఇరవై ఆరేళ్లయింది. పందొమ్మిదో ఏట నాలుగు మగ్గాలతో మొదలుపెట్టి, పన్నెండింటిని ఒక్కతే చూసుకునేదాకా వచ్చింది. ఒక్క కప్పు కింద రెండు వందల మగ్గాలు. ఆ చప్పుడులో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా పక్కమనిషికి వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్లు గొంతు వాడటం మానేశారు. పెదవులు గట్టిగా కదుపుతూ, చేతులతో సైగలు చేస్తూ నలభై అడుగుల దూరం నుంచి కూడా కబుర్లు చెప్పుకుంటారు. పోగు తెగితే ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే ఒక సైగ, మేస్త్రీ గురించి తమ అభిప్రాయానికి ఇంకో సైగ. ఆ మూడోది నాకు ఐదేళ్లకే వచ్చు. బళ్లో చేసి చూపించి తన్నులు కూడా తిన్నాను.

మా అమ్మానాన్నలిద్దరూ షిఫ్టుల్లో ఉండటం వల్ల నేను అత్త దగ్గరే పెరిగాను. పని నుంచి వచ్చాక ఆమెకు నోరు విప్పే ఓపిక ఉండేది కాదు. నీళ్లు తెమ్మన్నా, తలుపు వేయమన్నా చేతులతోనే. మిగతా పిల్లలు తిట్లు వింటే నేను చూసేదాన్ని.

అత్తకు స్నేహితురాలు ఒక్కతే. మనిషి ఎత్తు కాబట్టి షెడ్డులో అందరూ ఆమెను పొడుగమ్మ అనేవారు. ఇద్దరి మగ్గాలూ ఎదురెదురు వరసల్లో ఉండేవి. ఇరవై రెండేళ్లు అలా ఎదురుబొదురుగా నిలబడి, ఒకరి కష్టం ఒకరు చేతులతో చెప్పుకున్నారు. మగ్గాల చప్పుడు ఎవరి చెవులనూ వదలదు గానీ, పొడుగమ్మ చెవులు ముందుగా పోయాయి. ఆ సంగతి ఆమె ఒప్పుకోదు. లోకమంతా గొణుగుతోందని ఆమె ఫిర్యాదు.

నాలుగేళ్ల కింద యజమాని సగం మగ్గాలు తీసేశాడు. వాళ్లిద్దరి వరసలకు కలిపి ఒక్కరినే ఉంచుతామన్నారు. మేస్త్రీ షెడ్డులోకి వచ్చి అత్తను పక్కకు పిలిచాడు. ప్రమాదం గంట మోగితే పొడుగమ్మకు వినబడుతుందా అని అడిగాడు. వినబడదంది అత్త. వారం తిరగకుండా పొడుగమ్మ పని పోయింది. ఇప్పుడు ఒక లాండ్రీ కంపెనీలో హోటళ్ల దుప్పట్లు మడతపెడుతోంది. అత్త మాత్రం మగ్గాల దగ్గరే ఉంది.

తనే చెప్పానన్న మాట పొడుగమ్మకు చెప్పుకోవాలని అత్త నాలుగేళ్లుగా కొట్టుమిట్టాడుతోంది. ఇది నా ఒక్కదానికే తెలుసు. వంటింట్లో ఒకరోజు చేతులతోనే చెప్పింది. పొడుగమ్మ ప్రతి ఆదివారం టీకి వస్తుంది. చెప్పడానికి అడ్డం ఏమిటంటే, షెడ్డు వదిలాక పొడుగమ్మ సైగలు మానేసింది. అత్త చెయ్యి ఎత్తినా, గొంతు లేకుండా పెదవులు కదిపినా చాలు, "నేనేమన్నా చెవిటిదాన్నా? నోటితో చెప్పవే" అని కసురుతుంది. నోటితో చెప్పాలంటే కేక పెట్టాలి. అత్త ఇంటికీ, పక్కన కుట్టుపని చేసే ఆవిడ ఇంటికీ మధ్య ఉన్నది చెక్కగోడ. ఆ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి గోడ పక్కన ఇలాంటి మాట ఎలా అరవడం? ప్రతి ఆదివారం అత్త నీళ్లు నమిలేది, పొడుగమ్మ టీ తాగి వెళ్లిపోయేది. గోడ సగం సాకేనని నా అభిప్రాయం. అత్తతో అనలేదు.

ఈ మధ్య పొడుగమ్మ తన చెల్లెలి ఊరికి వెళ్లిపోవాలని నిర్ణయించుకుంది. వెళ్లేది గురువారం. ఇక మిగిలింది ఒక్క ఆదివారం. సరిగ్గా ఆ ఆదివారమే మా బ్యాండు కచేరీ.

మాది హెవీ మెటల్ బ్యాండు. వారమంతా నేను కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాను, ఆదివారం డ్రమ్స్ వాయిస్తాను. మా గాయకుడు పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాస్తాడు. నోరంతా నొప్పిగా ఉన్నవాళ్లతో మెత్తగా మాట్లాడీ మాట్లాడీ, ఆ కసి అంతా మైకు ముందు తీర్చుకుంటాడు. పాత ఫర్నిచరు గోడౌనులో సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టాం. చుట్టుపక్కలవాళ్ల గొడవ వల్ల ఆరింటికల్లా ఆపేయాలన్నది షరతు.

అత్త పొడుగమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను చూడటానికి వచ్చారనే అనుకున్నాను. నల్ల బనీన్లు వేసుకున్న కుర్రకారు మధ్యలోంచి చేతిసంచులు పట్టుకుని ఇద్దరూ నేరుగా ముందు వరసకు వచ్చి నిలబడ్డారు. మొదటి పాట ఎత్తుకోగానే కొందరు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. వీళ్లిద్దరూ కూరగాయల దుకాణం ముందు నిలబడ్డట్టే ఉన్నారు.

కాసేపటికి పొడుగమ్మ చుట్టూ చూసింది. ఎవరికీ ఎవరి మాటా వినబడటం లేదు. ఫోనుల్లో రాసి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. నాలుగేళ్లలో మొదటిసారి ఆమె తనంతట తానే చెయ్యి పైకెత్తింది.

"మన షెడ్డులా ఉందే," అంది.

"షెడ్డే నయం. అక్కడ తాళం తప్పేది కాదు," అంది అత్త చేతులతో.

ఎత్తు మీద కూర్చున్న నాకు అంతా కనబడుతోంది. సొంత మేనకోడలన్న జాలి కూడా లేదు.

ఇక ఇద్దరూ ఆగలేదు. చెల్లెలి ఇల్లు, ఆ ఇంట్లో నీళ్ల కరువు, మరిది గురక, దుప్పట్ల కంపెనీ సూపర్‌వైజరు నడక. అంత జనంలో మనసారా మాట్లాడుకుంటున్నది ఆ ఇద్దరే. నాలుగో పాటలో అత్త సంచి కింద పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకుంది.

"నీకొకటి చెప్పాలి. మేస్త్రీకి చెప్పింది నేనే. గంట వినబడదని."

పొడుగమ్మ కళ్లు అత్త చేతుల మీదే ఉన్నాయి.

"నీ మంచికే అని సర్దిచెప్పుకున్నాను. కాదు. ఒక్కరినే ఉంచుతామన్నాడు. అందుకు."

నా చేతిలోంచి డ్రమ్ము పుల్ల జారింది. గిటారు వాయించేవాడు నా వైపు కొరకొరా చూశాడు.

"తెలుసు," అంది పొడుగమ్మ.

"ఎలా?"

"వాడితో మాట్లాడేటప్పుడు నువ్వు నా వైపే తిరిగి ఉన్నావు."

అదీ జరిగింది. మేస్త్రీకి అర్థం కావాలని అత్త పెదవులు బాగా సాగదీసి, ఒక్కో ముక్కా విడమరిచి చెప్పింది. అందరూ పెదవులు చదివే షెడ్డులో, ఇరవై రెండేళ్లుగా తన పెదవులు చదువుతున్న మనిషికి ఎదురుగా నిలబడి రహస్యం చెప్పింది. అక్కడ గొంతు వినబడదు కాబట్టి ఎవరికీ తెలియదనుకుంది. నాలుగేళ్లు గోడకున్న చెవులకు భయపడింది గానీ, ఎదురుగా ఉన్న కళ్లను తలుచుకోలేదు.

"నాలుగేళ్లు ప్రతి ఆదివారం వచ్చాను. ఇవాళ చెబుతావు, ఇవాళ చెబుతావు అని. టీ ఇచ్చి పంపేదానివి." అంతే చెప్పి పొడుగమ్మ వేదిక వైపు తిరిగిపోయింది.

ఆ భాషలో ముఖం తిప్పుకుంటే మాట అయిపోయినట్టే. వెనక నుంచి పిలవడం కుదరదు. అత్త చేతులు గాలిలో ఉండిపోయాయి. కాసేపటికి దించుకుంది. మేం ఇంకా మూడు పాటలు వాయించాం. ఆ మూడింటిలోనూ పొడుగమ్మ అత్త వైపు తిరగలేదు. పక్క నుంచి కదలనూ లేదు. నాకు అత్తను చూస్తే జాలేసింది. తగిన శాస్తే జరిగిందని కూడా అనిపించింది.

ఆరు కాకుండానే ఆపేశాం. నేను చెమట తుడుచుకుంటూ బయటి వసారాలోకి వచ్చేసరికి జనం సంచులు, గొడుగులు తీసుకుంటున్నారు. మా గాయకుడు మర్యాదస్తుడు. వాళ్లిద్దరి దగ్గరికి వెళ్లి, "ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"బాగుంది బాబూ," అంది పొడుగమ్మ. ఆమె మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినబడుతుంది. అత్త భుజం మీద చెయ్యి వేసింది. "ఇది నా స్నేహితురాలు. నన్ను పనిలోంచి తీయించింది ఇదే!"

నల్ల బనీన్లన్నీ ఇటు తిరిగాయి. అత్త ముఖం కందగడ్డయింది. నెమ్మదిగా అనమని చెయ్యి ఎత్తబోయింది.

"చేతులొద్దు. నోటితో చెప్పు," అంది పొడుగమ్మ. పెదవులు చదవడానికి వీల్లేకుండా కళ్లు మూసుకుని, వంగి, కాస్త నయంగా ఉన్న కుడి చెవి అత్త వైపు పెట్టింది.

అత్త నా వైపు చూసింది. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆమె గొంతు నేను పుట్టాక ఇంట్లో ఎన్నడూ పెద్దగా వినలేదు. ఇప్పుడు విన్నాను. బొంగురుగా, జీరపోయి, వసారా మారుమోగేలా వచ్చింది.

"అవునే! నేనే! నా పని పోతుందని భయపడి నీ పని తీయించాను!"

అని, అంతమందిలో ఏడ్చేసింది.

పొడుగమ్మ కళ్లు తెరిచి, నిటారుగా లేచి, అత్త సంచి కూడా తన చేతిలోకి తీసుకుంది.

"ఆఁ, వినబడింది," అంది.