ఏడో బుట్ట ఎత్తు

మా ఫోర్‌మన్‌గారు పోయారు. మంగళవారం పొద్దున ప్రార్థన అయి పిల్లలు క్లాసుల్లోకి వెళుతుంటే ఫోను మోగింది. ఆయన భార్య. "మీ ఫోర్‌మన్ పోయిండు టీచరమ్మా. రాత్రి తిని పండిండు, తెల్లారి లేవలే" అంది. ఆమె ఏడవలేదు. నేనూ అక్కడ ఏడవలేదు. తొమ్మిదో తరగతి వాళ్ళకి డ్రిల్లు పీరియడ్ ఉంటే వెళ్ళి చేయించాను. సగంలో నా విజిల్ ఎందుకు ఊదానో నాకే గుర్తులేక, పిల్లలందర్నీ ఇంకో రౌండు పరిగెత్తించాను.

ఆయన్ని మీలో చాలామంది ఎరగరు. మా గని వర్క్‌షాప్‌లో వెల్డింగ్ ఫోర్‌మన్‌గా చేసి ఏడేళ్ళ కిందట రిటైరయ్యారు. కొండ మీద ఇనుప రాయి తవ్వి మోసే యంత్రాల్లో ఏది విరిగినా అతికే పని ఆయనది. సుక్మా జిల్లా దక్షిణపు కొసన, శబరి ఒడ్డున ఆయన ఊరు. కూలీగా కొండెక్కిన మనిషి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, చుట్టాలతో దోర్లి, సంతలో గోండి మాట్లాడేవారు. నాలుగింట్లోనూ తక్కువే మాట్లాడేవారు. నేను టౌన్‌షిప్ స్కూల్లో ఆటల టీచర్ని. మావాళ్ళు శ్రీకాకుళం నుంచి గని పనికి వచ్చినవాళ్ళు. ఫోర్‌మన్‌గారి క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. ఆయన దగ్గు విని టైము చెప్పగలిగేదాన్ని.

మా ఇద్దరినీ కలిపింది డిస్క్ గోల్ఫ్ అంటే నవ్వకండి. ట్రైనింగుకి వచ్చిన ఇంజినీరొకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె స్కూలుకి ఇచ్చిపోయాడు. దాన్నిండా ప్లాస్టిక్ డిస్కులు, ఆట నియమాల కాగితాలు. దూరంగా స్తంభానికి బిగించిన ఇనుప బుట్ట ఉంటుంది. దాని పైన చుట్టూ గొలుసులు వేలాడతాయి. డిస్కు విసిరితే గొలుసులకి తగిలి బుట్టలో పడాలి. ఎవరు తక్కువసార్లు విసిరి తొమ్మిది బుట్టలూ పూర్తిచేస్తే వాళ్ళు గెలిచినట్టు. కొండ కింద ఎందుకూ పనికిరాని ఎర్రనేల మాకు చాలా ఉంది. బుట్టలే లేవు. కాగితాలు పట్టుకుని పక్కింటి తలుపు కొట్టాను.

ఆయన బొమ్మలు తిప్పి తిప్పి చూసి, "ఏంది టీచరమ్మా, పళ్ళేలు ఇసిరే ఆటనా? ఇంట్ల ఇసిరితే గొడవైతది గని" అన్నారు. చివరిదాకా డిస్కుని పళ్ళెం అనే అన్నారు.

మొదటి బుట్టకి వర్క్‌షాప్ తుక్కులోంచి ఇంజన్లు లేపే గొలుసు తెచ్చి కట్టారు. గనిలో మనుషులకి ఏ పనైనా అలాగే అలవాటు, టన్నుల బరువు మోయకపోతే అది వస్తువే కాదు. డిస్కు ఆ గొలుసుకి తగిలి గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చి నా మోకాలికి తగిలింది. ఆయన పరుగున వచ్చి నా మోకాలు కాకుండా గొలుసు చూశారు. "తప్పు నాదే. ఇది బరువు మోసే గొలుసు. మనకు పట్టుకునే గొలుసు గావాలె" అన్నారు. ఆదివారం ఇద్దరం జీపెక్కి గీదం వెళ్ళి, పశువులకి కట్టే సన్న గొలుసులు కొన్నాం. అన్ని గొలుసులు చూసి కొట్టువాడు హిందీలో, నీకెన్ని గేదెలున్నాయని అడిగాడు. "ఒక్కటి గూడ లేదు. ఈ టీచరమ్మ పళ్ళేలు ఆగుతలెవ్వు, కట్టేయాలె" అని అదే హిందీలో బదులిచ్చారు. మొహంలో నవ్వు లేదు. కొట్టువాడు నన్ను జాలిగా చూశాడు.

బుట్టలు ఎక్కడ పాతాలన్నది ఆయనే తేల్చారు. వారం రోజులు డ్యూటీ దిగాక ఆ నేలంతా తిరిగారు, ఒక్క కొలత తీసుకోకుండా. ఎక్కడికక్కడ డిస్కు విసిరి, అది ఎటు దొర్లుతుందో చూసేవారు. ఎనిమిది బుట్టల అంచు నడుమెత్తున పెట్టారు. ఏడోది మాత్రం పాత కన్వేయర్ గొట్టం అడుగున అతికి నా భుజమెత్తుకి లేపారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండేది అది. దాని వెనక నేల దిగుడు. గురి తప్పిందా, డిస్కు జారుకుంటూ కిందికి పోతుంది, వెళ్ళి అక్కణ్ణుంచి పైకి విసరాలి. ఆ దిగుడు కింద కాలిదారి ఉంది. కొండ అవతలి ఊళ్ళ ఆడవాళ్ళు నెత్తిన గంపలతో ఆదివారం సంతకి వచ్చేది ఆ దారినే.

"దీన్నొక్కదాన్నీ ఎందుకు లేపారు?" అన్నాను.

"కిందికుంటే ప్రతివోడు గట్టిగ ఇసురుతడు. తప్పితే పళ్ళెం దారి మీదికి పోతది. ఎత్తుగుంటే, రెండుసార్లు దిగి ఎక్కినోడు మూడోసారి మెల్లగ ఇసురుతడు. దగ్గర్కి ఏసుకోని, ఆడ్నించి బుట్టల ఏస్తడు."

"ఆ దారే కొంచెం పక్కకి జరపమంటే సరిపోదా?"

"దారి మనకన్న ముందొచ్చింది టీచరమ్మా. మా అమ్మ గూడ గిసుంటి దారిల్నే నడిసింది."

అదే మాట ఆటల కమిటీకి చెప్పి, మ్యాపులో ఏడో బుట్ట పక్కన ఎత్తు రాయించి సంతకాలు పెట్టించారు. కాబట్టి నాకు తెలియదని నేను అనలేను. ఎందుకు లేపారో నాకు విడమరిచి చెప్పారు. ఇక్కణ్ణుంచి రాయబోయేది ఎనిమిదేళ్ళుగా ఎవరితోనూ చెప్పనిది.

అప్పటికి నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా వేసవిలో తీసేసి, బడి తెరిచాక మళ్ళీ పెట్టుకునేవారు. ఆ ఏప్రిల్‌లో పక్క టౌన్‌షిప్ వాళ్ళతో మ్యాచ్ పెట్టారు. పెద్ద ఆఫీసర్లు చూడటానికి వస్తున్నారు, ఆట రక్తి కడితే నీ పోస్టు పక్కా అవుతుంది అని ప్రిన్సిపాల్ అన్నారు. ప్రాక్టీసులో ఎనిమిది బుట్టల దగ్గర గొలుసులు గలగలమనేవి. ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి అందరూ పిల్లిలా నడిచి మెల్లగా వేసేవాళ్ళు, చూసేవాళ్ళకి ఆవలింతలు. ఆఫీసర్ల కుర్చీలు వేసేది సరిగ్గా అక్కడే, ఎందుకంటే నీడ అక్కడే ఉంది. ఫోర్‌మన్‌గారిని రెండుసార్లు దించమని అడిగాను. రెండుసార్లూ కాదన్నారు. మ్యాచ్ ముందు ఆయన మేనకోడలి పెళ్ళికని ఊరెళ్ళారు. నేను వర్క్‌షాప్‌కి వెళ్ళి, కాంట్రాక్టు మీద పనిచేసే వెల్డరుతో, కమిటీ దించమందని చెప్పి గొట్టం కోయించాను. అబద్ధం. కమిటీకి తెలియదు.

మ్యాచ్ ఆదివారం పెట్టాం, గనికి ఆరోజు సెలవు కదా అని. సంత రోజని మాలో ఒక్కరికీ తోచలేదు. క్వార్టర్లలో బతికేవాళ్ళకి క్యాలెండరంటే షిఫ్టులే.

అవతలి జట్టులో ఒక ఇంజినీరు, మంచి భుజబలం ఉన్నవాడు, ఏడో బుట్ట తక్కువెత్తున కనపడగానే బలంకొద్దీ విసిరాడు. డిస్కు గొలుసుల పైనుంచి పోయింది. దిగుడు కింద ఎవరో కేక వేశారు. నేను పరిగెత్తాను. ఒకావిడ కూర్చుండిపోయి ఉంది. కనుబొమ పైన చీరుకుని రక్తం కంట్లోకి కారుతోంది. గంపలో తెచ్చుకున్న ఎండు ఇప్పపువ్వు దారంతా చిందింది. ఆమె ఒక చేత్తో నుదురు అదుముకుని రెండో చేత్తో పువ్వు ఎత్తుకుంటోంది. నాకు గోండి రాదు. నేనూ కూర్చుని పువ్వు ఎత్తాను. ఆస్పత్రిలో కుట్లు వేశారు. వేలెడు కిందికి తగిలుంటే కన్ను పోయేదని డాక్టరు అన్నాడు.

బుధవారం కమిటీ కూర్చుంది. మ్యాపులో ఎత్తుగా ఉండాల్సిన బుట్టని ఎవరు దించారన్నది ప్రశ్న. వెల్డర్ని పిలిచారు. నలభై ఏళ్ళవాడు, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. వాడు నోరు తెరిస్తే నా పోస్టు పోతుంది, తెరవకపోతే వాడి పని పోతుంది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పొద్దుటి బస్సు దిగి నేరుగా వచ్చిన ఫోర్‌మన్‌గారు లేచి, "నేనే కొయ్యమన్న. ఊరికి పోయేముందు చెప్పి పోయిన. ఆనిది తప్పు లేదు" అన్నారు. నావైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఆయనకి చార్జిషీటు ఇచ్చారు. నాకు జూలైలో పోస్టు పక్కా అయింది.

కమిటీ కూర్చున్న సాయంత్రమే ఆయన గొట్టం మళ్ళీ అతికారు. ఎప్పుడూ అతుకు మీద వేలు పెట్టి రాస్తే తెలియనంతగా సానపట్టే మనిషి, దీన్ని లావుగా కడియంలా వదిలేశారు. సానపట్టరా అని అడిగాను. "ఉండనియ్యి. ఈడ తెగిందని తెల్వాలె" అన్నారు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. మంచినీళ్ళు కావాలా అని అడిగి ఇంటికి వచ్చేశాను.

మా వర్క్‌షాప్‌లో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే రోజు ఫోర్‌మన్‌కి దండ వేసి, జీపుకి పూలు కట్టి, డప్పులతో ఇంటిదాకా దిగబెడతారు. చార్జిషీటు ఉన్నవాళ్ళకి అది చెయ్యరు. మరుసటి ఏడు ఆయన రిటైరైన రోజు నేను కిటికీలోంచి చూశాను. రోజూలాగే టిఫిను డబ్బా పట్టుకుని నడిచి వచ్చి, చెప్పులు విడిచి దులుపుకున్నారు. నెలలోపే క్వార్టరు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయారు.

తర్వాత ఉగాదికీ దసరాకీ ఫోను చేసేదాన్ని. "గొలుసులు తుప్పు పట్టినయా? నూనె రాయి. పిల్లలు దిగుడు దిగుతున్నరా?" ఇవే మాటలు. ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనే డయల్ చేసేదాన్ని. ఆయన గొంతు మామూలుగా ఉండేసరికి, ఎందుకు కదిలించడం అనిపించేది. పిరికితనానికి మర్యాద తొడగడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఒక్కసారి మాత్రం ఆయనే, "ఆ పిల్ల సంతకొస్తున్నదా? కన్ను మంచిగనే ఉన్నదా?" అని అడిగారు. వస్తోంది, బాగుంది అన్నాను. "మంచిది" అన్నారు. అంతే.

ఈసారి చెప్పడానికి ఆయన లేరు. పదో రోజు బస్సులు మారి శబరి ఒడ్డుకి వెళ్ళాను. పిన్ని, అంటే ఆయన భార్య, వాకిట్లో ఉంది. ఏడేళ్ళలో మనిషి సగమైంది. ఆరోజు పోయిన మనిషి పేర ఆకులో అన్నం పెడతారు. చుట్టాలందరూ ఏటికి స్నానానికి వెళ్ళారు. ఇంకెవరున్నా చెప్పలేనని తెలిసి, వెంటనే నిజం చెప్పేశాను. గొట్టం కోయించింది నేను పిన్నీ, ఆయన కాదు, నా ఉద్యోగం కోసం అన్నాను.

ఆయన ఆమెకైనా చెప్పి ఉంటారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. చెప్పలేదు.

ఆమె నావైపు తిరిగింది. "ఆయన గాదా?" అంది.

"కాదు పిన్నీ."

"ఎనిమిదేండ్లు తిట్టిన నేను. మనోళ్ళు నడిసే దారి అని నీకు తెల్వదా, ఆఫీసర్ల కోసం ఆడమనిషి రక్తం జూసినవు అని తిట్టిన. ఏ పండక్కి చుట్టాలొచ్చినా ఆళ్ళ ముంగట అన్న. ఒక్కనాడు నోరిప్పలే."

"మీకైనా చెప్పాల్సింది."

"నాకు చెప్తే నేనూకుంటనా? గోడవతల్నే ఉంటివి. ఆ గడియల్నే వచ్చి నీ జుట్టు వట్టుకుందును."

అందుకే చెప్పలేదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. నన్ను తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. పో అనలేదు, కూర్చోమనీ అనలేదు.

లోపలికి వెళ్ళింది. గడప దగ్గర్నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. గోడవారగా ఆయన పేర పరిచిన మోదుగాకు విస్తట్లో అన్నం, పప్పు, ఎండుచేపల కూర అప్పటికే వడ్డించి ఉన్నాయి. పక్కన చెంబుతో నీళ్ళు. ఆమె దాని ముందు గొంతుక్కూర్చుంది. తర్వాత కుండ దగ్గరికి లాక్కుని, ఇంకో గరిటె అన్నం వేసి, చేపముక్క ఒకటి వెతికి దాని మీద పెట్టి, విస్తరిని కొంచెం ముందుకి జరిపింది.

"తిను. నాకు తెల్వకపాయె" అంది.