చుక్క రాలని మొక్కు

అలమేలు రాయపురం చేపల మార్కెట్లో ఇరవై ఏళ్లుగా చేపలు కోస్తోంది. కత్తిపీట ముందు కూర్చుందంటే ఎంత పెద్ద వంజరమైనా నిమిషంలో ముక్కలైపోతుంది. మొగుడు ఆదిమూలం కాలేయం చెడిపోయి మంచం పడితే, అతని అన్నదమ్ములు తలో వంక చెప్పి తప్పుకున్నారు. ఆమె మాత్రం "నాది కోసుకోండి సార్" అని ఆపరేషన్ బల్ల ఎక్కింది. సగానికి పైగా కాలేయం ఇచ్చింది. మత్తు ఎక్కేలోపు అమ్మవారికి మొక్కుకుంది, ఆయన లేచి తిరిగితే ఆషాఢంలో వచ్చే ఆడి నెల తిరునాళ్లలో ఆయన చెంపలకు శూలం గుచ్చిస్తానని.

ఆదిమూలం లేచి తిరిగాడు. శూలం గుచ్చితే చుక్క రక్తం రాకూడదని ఆ వీధి నమ్మకం. వచ్చిందా, మొక్కులో మైల ఉందంటారు. ఆ మైల ఎప్పుడూ పెళ్లాందే. మొగుళ్లకు మైల అంటదు కాబోలు!

ఆయన మాత్రల్లో రక్తం గడ్డకట్టకుండా చూసేది ఒకటుంది. అది వేసుకున్నప్పటి నుంచి గడ్డం గీసుకుంటూ కాస్త తెగినా రక్తం ఒక పట్టాన ఆగడం లేదని అలమేలు చూసింది. కొత్త కాలేయానికి రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోకుండా కాపాడేదీ అదేనని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమె తలకెక్కించుకోలేదు. తిరునాళ్లకు పది రోజుల ముందు నుంచి ఆ ఒక్క మాత్ర తీసేసి, మొగుడికి చెప్పకుండా మిగతావి ఇచ్చింది.

శూలం ఈ చెంపలో దిగి ఆ చెంపలో తేలింది. చుక్క రాలలేదు. అమ్మలక్కలు అలమేలు కాళ్లకు మొక్కారు. ఆమెకు కడుపు నిండిపోయింది.

నాలుగో రోజుకు ఆదిమూలం కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లు కాలిపోయింది. ఆస్పత్రిలో స్కాన్ తీశారు. నాళంలో రక్తం గడ్డకట్టింది. రక్తం అందక, ఆమె ఇచ్చిన కాలేయం లోపలే చచ్చిపోతోంది.

"మాత్ర ఎవరు ఆపారు?" అన్నాడు డాక్టరు.

"ఎవురూ ఆపలేదు సార్. ఒక్క పూట గూడా తప్పకుండా ఈమే నా చేతిలో పెడతాది," అన్నాడు ఆదిమూలం గొప్పగా.

అలమేలు అబద్ధం ఆడొచ్చు. నోరు రాలేదు. "నేనే నిలిపినాను సార్. రక్తం వస్తే నలుగురూ నన్నంటారని..." చీర పక్కకు లాగి కడుపు మీది కోత చూపించింది. "ఇంకా ఉండాది గదా. అదీ తీసుకోండి."

"ఒకసారి ఇచ్చినవాళ్ల దగ్గర మళ్లీ తియ్యరమ్మా."

ఆదిమూలం ఆమె వైపు తిరిగాడు. "నన్నొక మాట అడగకూడదా ఏమే? కారితే తుడుచుకుందుం గదా," అన్నాడు.

వేరే కాలేయం దొరకలేదు. ఆయన ఇంకో ఐదు రోజులు బతికాడు. ఆ ఐదు రోజులూ అలమేలు అందించిన నీళ్లు ఆయన తాగలేదు. నర్సు వచ్చేదాకా దాహంతోనే పడుకున్నాడు.