బురద మీద బల్లలు

మిషనక్క పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, కుట్టుమిషను మీద గుడ్డ తీయకముందే భర్తను లేపి నిలబెట్టేది. పడిపోయిన చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని మంచం నుంచి కిటికీ దాకా నడిపించేది. ఆయన బాగున్న చేత్తో ఊచ పట్టుకుని నిలబడ్డంతసేపూ పక్కనే ఉండేది. కాళ్లు వణకడం మొదలవగానే “చాల్లెండి, ఇవాళ్టికి దేవుడు ఇంతే ఇచ్చాడు” అని కూర్చోబెట్టేది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. బడిపిల్లల బట్టలన్నీ ఆమె చేతివే. పిల్లలు ఎదుగుతారు కదా అని అంచు లోపల గుడ్డ ఎక్కువ మడిచి కుట్టేది. ఏడాది తిరిగాక తల్లులు అడగకముందే విప్పి, పొడవు చేసి ఇచ్చేది. దానికి డబ్బు ఇవ్వబోతే కోప్పడేది.

భర్త పాలవ్యాను నడిపేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది. వారం వారం తీసుకొస్తే కర్ర పట్టుకుని నడుస్తాడనీ, ఆలస్యమైతే కాలు బిగుసుకుపోతుందనీ ఆసుపత్రిలో కసరత్తు చేయించే అమ్మాయి చెప్పింది. చక్రాల కుర్చీలో తోసుకుపోదామంటే లారీలు తిరిగే పెద్దరోడ్డు తప్ప వేరే దారి లేదు. ఒకరోజు ఒక లారీ కుర్చీని ఒరుసుకుంటూ పోయింది. ఆనాటి నుంచి ఆయన గడప దాటనని భీష్మించుకు కూర్చున్నాడు.

వీధి చివర కాలువ గట్టు మీద సిమెంటు కాలిబాట ఒకటుంది. ఆసుపత్రి వెనక గేటు నుంచి ఇంకొకటి వస్తుంది. రెండూ ఎడమొహం పెడమొహంగా ఆగిపోయాయి. నడుమ ముళ్లకంప, బురదగుంట. ఆ ముక్క కలిపితే చాలు, కుర్చీ లారీల మొహం చూడకుండా ఆసుపత్రికి చేరుతుంది.

ఇలాంటి దారులకు సర్కారు గ్రాంటు ఇస్తోందని వీధి గ్రంథాలయం చూసుకునే మాస్టారు చెప్పాడు. దరఖాస్తు ఆయనే రాశాడు. సంతకాల కోసం మిషనక్క ఇల్లిల్లూ తిరిగింది. “దారి పడితే నా కొట్టు ముందు నుంచి పోయేదెవరు? నా నోట్లో నన్నే మట్టి కొట్టుకోమంటావా అక్కా” అంటూనే మూలకొట్టువాడు అందరికంటే పెద్ద సంతకం పెట్టాడు.

కొన్నాళ్లకు అధికారులు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. వడ్రంగి బాబాయికి కాలు నిలవలేదు. మిషనక్క భర్త వ్యాను నడిపిన రోజుల్లో బాబాయి కొట్టుకు కావలసిన కర్రంతా ఊరికే చేరవేసేవాడు. ఆ ప్రేమ కొద్దీ, ముందురోజు సాయంత్రం బాబాయి ముళ్లకంప నరికించి, కొట్లోని చెక్కబల్లలన్నీ మోసుకొచ్చి బురద మీద వరసగా పరిచాడు. ఆడవాళ్లు చీపుళ్లు పట్టి ఊడ్చారు. భర్త దగ్గరే ఉండిపోయిన మిషనక్క తెల్లవారాక గానీ ఇదంతా చూడలేదు.

“పెద్దమనుషులు బురదలో దిగుతారా అమ్మాయ్? మన వీధి పరువేం కాను?” అన్నాడు బాబాయి.

బురద కనపడకపోతే ఎలా అనుకుంది ఆమె. కానీ ఆయన చొక్కా నిండా బురద, మొహం నిండా సంతోషం చూశాక బల్లలు తీసెయ్యమనలేకపోయింది. అధికారులు బూట్లకు మరక అంటకుండా ఇటు నుంచి అటు నడిచారు. ఫొటోలు తీసుకున్నారు. మీ వీధి చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళ్లారు. ఆ బల్లలు ఎవరివో తలుపులకని పెట్టుకున్నవి కాబట్టి మర్నాడు బాబాయి వాటిని తీసేశాడు.

వానలు వచ్చిపోయాయి. ఎక్కడా ఉలుకూ పలుకూ లేకపోతే మిషనక్క, మాస్టారు కలిసి ఆఫీసుకు వెళ్లారు. అధికారి మంచివాడే. కుర్చీ వేయించి, మంచినీళ్లు తానే అందించాడు.

“దారి బాగానే ఉంది కదమ్మా. నడవలేని చోటికే ఈ డబ్బు” అని ఫొటో చూపించాడు.

“అవి బల్లలండీ. మీరొస్తున్నారని మా బాబాయి వేశాడు. మర్నాడే తీసేశాడు.”

ఆయన ఫొటోను మళ్లీ ఫైల్లో పెట్టేశాడు. దరఖాస్తు కొట్టేసినట్టు పైకి రాసి పంపేశామనీ, పథకం కూడా ఈ ఏడాదితో ఆఖరనీ నెమ్మదిగా చెప్పాడు. మనసు పెట్టి చెప్పాడే గానీ చేయడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. ఇంట్లో మిషనక్క భర్త కాలు అప్పటికే మడత పడడం మానేసింది.

తిరిగి వస్తుంటే మాస్టారు ఉండబట్టలేక, ఆ బల్లలే మన కొంప ముంచాయన్నాడు. వీధి మలుపులో వడ్రంగి బాబాయి రంపం పక్కన పెట్టి, వీళ్ల కోసమే ఎదురుచూస్తూ కనిపించాడు. మిషనక్క ఆగిపోయింది.

“మాస్టారూ, మీరు అబద్ధం ఆడరని నాకు తెలుసు. ఏమన్నారని బాబాయి అడుగుతాడు. డబ్బులు అయిపోయాయన్నారని చెప్పండి. బల్లల మాట ఎత్తకండి. ఆ పాపమేదో దేవుడితో నేను చెప్పుకుంటాను.”