హన్మాండ్లు కుట్టనన్న చక్రం

సిరిసిల్ల హన్మాండ్లు ఏడో తరగతితో బడి మానేశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారని తెలుసు, అంతకు మించి వాటితో పరిచయం లేదు. అయినా ఏ భాషలో ఏ ముక్క గీసి చేతిలో పెట్టినా దారంతో అచ్చు దింపినట్టు కుట్టేవాడు. టైలరు వీసా మీద ఎనభై ఎనిమిదిలో సౌదీ వచ్చి, మొదట జుబైల్‌లో వెల్డర్లకు బాయిలర్ సూట్లు కుట్టాడు. ఆ పనితనం చూసి, అతని కఫీల్ అబూ సాలెహ్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఖోబర్ బజారులో ఎంబ్రాయిడరీ దుకాణం తెరిచి మిషను ముందు కూర్చోబెట్టాడు. పాస్‌పోర్టు మాత్రం తన సొరుగులో కూర్చోబెట్టుకున్నాడు.

దుకాణం తెరిచిన రెండు నెలలకు ఇరాక్ వెళ్ళి కువైట్ మీద పడింది. ఇంకో నెలకు అమెరికా సైన్యం మొత్తం వచ్చి హన్మాండ్లు మీద పడింది. ప్రతి సిపాయికీ చొక్కా జేబు మీద పేరు పట్టీ కావాలి. అదే పేరు అరబ్బీలో ఇంకొకటి కావాలి, ఇంటికెళ్ళాక పెళ్ళాలకు చూపించుకోవడానికి. సందు చివరి దాకా వరస. ఊళ్ళో ముత్యవ్వ, హన్మాండ్లు భార్య, యుద్ధం వార్తలు విని దేవుళ్ళందరికీ మొక్కుకుంటుంటే, ఇక్కడ ఇతను యుద్ధం ఎప్పుడని కాదు, దారం రీళ్ళు ఎప్పుడొస్తాయని అడుగుతున్నాడు.

క్యాంపుల నుంచి బట్టల మూటలు తెచ్చి, కుట్టినవి తిరిగి చేర్చేవాడు డ్రైవరు ఇస్సాక్. కడప మనిషి, ఇంటరు చదివాడు, ఇంగ్లీషు వచ్చు. హన్మాండ్లుకు చెవీ నోరూ ఇస్సాకే.

డిసెంబరులో ఒకరోజు నీలికళ్ళ సిపాయి ఒకడు వచ్చి మడత కాగితం ఇచ్చాడు. కాగితంలో ఒక పుర్రె. పుర్రె కింద వంకర టింకరగా రెండు మెరుపులు, పక్కపక్కన. ఇలాంటివి పన్నెండు కావాలన్నాడు. హన్మాండ్లు చూడగానే గుర్తుపట్టాడు. వాళ్ళ ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు తగిలించిన రేకు మీద ఉన్నది ఇదే.

"పాపం, కరెంటు పనోడున్నట్టున్నడు," అనుకున్నాడు.

పన్నెండూ కుట్టాడు. కానీ బొమ్మ కింద బోసిగా అనిపించింది. రేకు మీద ఉండాల్సిన ముక్క లేదు. అడగని ఉపకారం చేసే గుణం అతనికి మొదటి నుంచీ ఉంది. ప్రతి పుర్రె కిందా ఎర్రదారంతో "11000 V" అని కుట్టి, ఆరేళ్ళ వయసు నుంచి చూస్తున్న అక్షరాలు కాబట్టి తప్పు పోకుండా కుట్టి, వరసగా తీగకు వేలాడదీశాడు.

మర్నాడు తన జట్టు బట్టలు తీసుకోవడానికి సార్జెంట్ డెలోరిస్ వచ్చింది. నల్లజాతి మనిషి, ఆరడుగుల ఎత్తు, భుజాన తుపాకీ. ఆమె దుకాణంలోకి వస్తే హన్మాండ్లు ప్రతిసారీ తెలియకుండానే లేచి నిలబడేవాడు. తీగ మీది పట్టీలు చూసి ఆమె మొహం రాయిలా అయింది. దగ్గరికి వెళ్ళింది. కింది ముక్క చదివింది. ఒక్క క్షణం ఆగి, బల్ల పట్టుకుని, వంగిపోయి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది.

"ఏమైంది భాయ్? తప్పు పోయిందా?" హన్మాండ్లు బెదిరిపోయి ఇస్సాక్‌ని అడిగాడు.

ఇస్సాక్ ఆమెతో మాట్లాడి తల గోక్కున్నాడు. "అది కరెంటు బొమ్మ కాదంటప్పా. హిట్లరు పటాలంలో వాళ్ళు కాలరు మీద పెట్టుకునే గుర్తంట."

హిట్లరంటే హన్మాండ్లుకు తెలిసింది ఒక్కడే, లెక్కల సారు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరది. "ఆయనకు పటాలం యాడిది?"

ఇస్సాక్ ఓపిగ్గా చెప్పాడు. కోట్లమందిని చంపించిన వాడనీ, తెల్లతోలు వాళ్ళే మనుషులని వాడి సిద్ధాంతమనీ. డెలోరిస్ తాత ఆ పటాలం మీద యుద్ధం చేసి కాలు పోగొట్టుకున్నాడు. ఆ గుర్తులంటే మోజుపడేవాళ్ళు అమెరికాలో ఇంకా ఉన్నారు. నల్లవాళ్ళను బెదిరించడానికి దుప్పటి ముసుగులేసుకుని ఊరేగిన వాళ్ళలో ఒకడు, ముసుగు తీసేసి కోటు తొడుక్కుని, మొన్న అక్టోబరులో తమ రాష్ట్రంలోనే ఎన్నికలకు నిలబడ్డాడనీ, గెలవలేదు గానీ బోలెడన్ని ఓట్లు పడ్డాయనీ చెప్పిందామె. ఈ ఎడారి నుంచే పోస్టులో వాడికి వ్యతిరేకంగా ఓటు పంపించిందట.

హన్మాండ్లు ఆలోచనలో పడ్డాడు. "గుర్తు దాసిపెట్టి ఓట్లడుగుడేంది భాయ్? మనకాడ గుర్తంటే గోడల మీద గీస్తరు, మైకుల మొత్తుకుంటరు. చెయ్యి గుర్తు, సైకిలు గుర్తు. సదువు రానోడు గూడ గుర్తు పట్టాలె. వీళ్ళదేంది, తెలిసినోనికే తెల్వాలన్నట్టు?"

"అదే కదప్పా మతలబు," అన్నాడు ఇస్సాక్.

పట్టీలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చేయమని డెలోరిస్ చెప్పింది. సిపాయి సాయంత్రం వచ్చి, చూసుకుని, ఎర్రబడి, కింది అక్షరాలు విప్పమని కేకలేశాడు. విప్పితే గుడ్డ చిరుగుతుందని హన్మాండ్లు సైగ చేశాడు. చిరగదు, కానీ చెప్పాడు. మళ్ళీ కుట్టమంటే తల అడ్డంగా ఊపాడు. సౌదీ వచ్చాక అతను ఒక గిరాకీకి కుదరదని చెప్పడం అదే మొదలు. ఆ క్యాంపులో వాణ్ణి అందరూ "పదకొండు వేలు" అని పిలుస్తున్నారని తర్వాత ఇస్సాక్ కబురు తెచ్చాడు.

జనవరిలో ఆకాశంలో మిస్సైళ్ళు, సరిహద్దు ఊరు ఖఫ్జీలో తుపాకీ గుండ్లు. ఫిబ్రవరికి యుద్ధం అయిపోయింది. సైన్యం వెళ్ళిపోయింది. హన్మాండ్లు ఉండిపోయాడు. ఫుట్‌బాల్ జట్ల బొమ్మలు, స్కూళ్ళ బ్యాడ్జీలు, అరబ్బు పెళ్ళిళ్ళ దిండు గలీబులు కుట్టాడు. జిగ్‌జాగ్ మిషను పోయి కంప్యూటర్ మిషను వచ్చింది. అబూ సాలెహ్ కాలం చేశాడు, దుకాణమూ పాస్‌పోర్టూ అతని కొడుకు నాయిఫ్‌కు వచ్చాయి. కొత్త బొమ్మ ఏదొచ్చినా "ఇదేంది? ఎవలది?" అని అడగడం మాత్రం హన్మాండ్లు మానలేదు. డ్రాగన్ బొమ్మ తెచ్చిన ఫిలిప్పీన్స్ నర్సుని కూడా అడిగాడు. ఆమె మళ్ళీ రాలేదు.

రెండువేల ఇరవై మొదట్లో గ్రెగ్ వచ్చాడు. ధహ్రాన్‌లో ఉండే అమెరికన్ ఇంజినీరు, పాత గిరాకీ, పిల్లల స్కూలు బ్యాగుల మీద పేర్లు కుట్టించుకునేవాడు. ఊళ్ళో తమ్ముడు ఎన్నికలకు నిలబడ్డాడట, వాళ్ళ రాష్ట్ర అసెంబ్లీకి. నూటయాభై టోపీలు కావాలన్నాడు. ముందు తమ్ముడి పేరు, పక్కన జెండా, వెనక చిన్న చక్రం. డిజైను ఫోన్‌కి పంపాడు, కింద తమ్ముడు రాసిన మెసేజుతో సహా: చక్రం సరిగ్గా ఇలాగే ఉండాలి, పన్నెండు ఆకులు, ఒక్కటి తగ్గినా పనికిరాదు.

చూడ్డానికి ముగ్గులా ఉంది. కొత్త డిజైను మొదటి నమూనా చేత్తో కుట్టి చూసుకునే అలవాటు హన్మాండ్లుది. రింగు బిగించి మొదలుపెట్టాడు. మూడో ఆకు దగ్గర చెయ్యి ఆగింది. కిందికి, పక్కకి, మళ్ళీ కిందికి. ఆ వంకర కంటి కంటే ముందు వేళ్ళకు తెలిసింది. ముప్పై ఏళ్ళ కింద ఇరవై నాలుగు సార్లు కుట్టిన మెరుపు అది. ఇప్పుడు పన్నెండు మెరుపుల్ని గుండ్రంగా కూర్చోబెట్టారు.

ఇస్సాక్ కూతురు ఖాలిదా దమ్మాంలో ఇండియన్ స్కూల్లో టీచరు. ఫోటో పంపితే పది నిమిషాల్లో ఫోన్ చేసింది. "చిచ్చా, ముట్టుకోవద్దు. దీన్ని నల్లసూర్యుడు అంటారు. హిట్లరు వాళ్ళ కోటలో నేల మీద ఉన్న బొమ్మ. ఇప్పుడు స్వస్తికం గుర్తు పెడితే అందరూ పట్టేస్తారని, కొందరు దీన్ని పెట్టుకుంటున్నారు."

గురువారం గ్రెగ్ వచ్చినప్పుడు ఇస్సాక్ కూడా ఉన్నాడు, నెరిసిన గడ్డంతో. విషయం విని గ్రెగ్ తెల్లబోయాడు. అది అలంకారం అనుకున్నానన్నాడు. నిజమే చెప్పి ఉంటాడు, మొహం అలాగే ఉంది. అక్కడే తమ్ముడికి వీడియో కాల్ చేశాడు. ఫోన్‌లో చక్కటి పలువరస ఉన్న మనిషి కనబడి, హన్మాండ్లుకు నమస్తే పెట్టాడు.

"అయ్యా, మీరు గర్వపడాలి," అన్నాడు. ఇస్సాక్ తెలుగు చేస్తున్నాడు. "ఇది ప్రాచీన సూర్యచక్రం. ఆర్యులది. మీదీ మాదీ ఒకే మూలం."

హన్మాండ్లు తన మోచెయ్యి ఒకసారి, ఫోన్‌లోని మొహం ఒకసారి చూసుకున్నాడు.

"ఒకటే మూలమైతే సంతోషం. మా స్వస్తికం మేము దుకాణం దర్వాజ మీదనే పసుపుతోని ఏస్తం, గల్లీల పోయేటోళ్ళందరికీ కనవడాలని. మరి నీదెందుకు టోపీ ఎనక పెట్టిస్తున్నవ్? ముంగట పెట్టు. గిది ఫలానా అని ఓటేసేటోళ్ళకు జెప్పు. జెప్పిన వీడియో నాకు పంపు, నూటయాభై గాదు, మున్నూరు కుడత."

ఇస్సాక్ చిరునవ్వు ఆపుకుంటూ మాట పొల్లుపోకుండా చెప్పాడు. పలువరస మాయమైంది. కాల్ కట్టయింది.

తమ్ముడి మాటే నమ్మాడో ఏమో, గ్రెగ్ నాయిఫ్‌కు ఫిర్యాదు చేశాడు. మర్నాడే నాయిఫ్ దుకాణానికి వచ్చి విరుచుకుపడ్డాడు. పెద్ద ఆర్డరు తిప్పి పంపడానికి నువ్వెవడివి, ఖురూజ్ కొట్టించి ఇంటికి పంపేస్తానన్నాడు. ఖురూజ్ అంటే మళ్ళీ రాకుండా పోవడం. ఇస్సాక్ అరబ్బీలో అందుకున్నాడు.

"సేఠ్, ఆ గుర్తుకు అర్థం, తెల్లవాళ్ళే మనుషులు, మిగతా వాళ్ళంతా వాళ్ళ కింద పడి ఉండాలని."

"మిగతా వాళ్ళంటే? ఇండియా వాళ్ళు, బంగ్లా వాళ్ళా?"

"అందరూ సేఠ్."

నాయిఫ్ ఆగాడు. "అరబ్బులు కూడానా?"

"కింద పడి ఉండాల్సిన వాళ్ళ లిస్టులో అరబ్బులైతే పై వరసలోనే ఉన్నారు."

"నా మిషను మీదా?" అని అరిచాడు నాయిఫ్, ఈసారి గ్రెగ్‌ని ఉద్దేశించి. వాడు దుకాణం గడప తొక్కకూడదని హుకుం చేసి, మనుషులందరూ సమానమని హన్మాండ్లుకే ఒక ఉపన్యాసం ఇచ్చి వెళ్ళాడు. పాస్‌పోర్టు సొరుగులోనే ఉంది. అది ఇప్పుడు అడగొచ్చా అని హన్మాండ్లు సైగ చేస్తే, ఈ పూటకు ఇది చాలని ఇస్సాక్ సైగ చేశాడు.

టోపీలు గ్రెగ్ దమ్మాంలో ఇంకో దుకాణంలో కుట్టించాడు. అక్టోబరులో ఖాలిదా ఫోన్ చేసింది. గ్రెగ్ తమ్ముడి ఊరి పేపరు వాళ్ళు టోపీ వెనక చక్రం పట్టేశారు. అభ్యర్థి ఏమన్నాడో చదివి వినిపించింది: "ఆ బొమ్మ సంగతి నాకు తెలియదు. సౌదీలో కుట్టిన దర్జీ తన ఇష్టం వచ్చినట్టు పెట్టాడు."

"ఏ దర్జీ?"

"మా అన్న వాడే పాత దర్జీ, ఖోబర్‌లో, ఇండియా వాడు అన్నాడు చిచ్చా. అంటే మీరే."

హన్మాండ్లు లేచి నిలబడ్డాడు. అతను జీవితంలో కఫీల్ తిట్లు పడ్డాడు, పోలీసులు ఇకామా, అదే నివాస కార్డు, తనిఖీ చేస్తుంటే ఎండలో నిలబడ్డాడు, మిస్సైల్ సైరన్ల మధ్య కాజాలు కుట్టాడు. దేనికీ ఇంత మంట రాలేదు. తను కాదన్న పనిని తనకే అంటగట్టాడు!

"రాయి బిడ్డా. నేను జెప్తా, నువ్వు ఇంగ్లీషుల రాయి. నేను ఇష్టమొచ్చినట్టు కుట్టెటోన్ని గాదని రాయి. కుట్టనని మొగం మీద జెప్పిన్నని రాయి. ఇగో, వాడు పంపిన మెసేజు. పన్నెండు ఆకులు ఒక్కటి తగ్గొద్దన్నడు గదా, అది ఫోటో తీసి పెట్టు."

ఖాలిదా రాసి పంపింది. నాలుగు రోజులకు పేపర్లో మెసేజు ఫోటో, కింద ఆరు వాక్యాల కబురు వచ్చింది. హన్మాండ్లు ఫోను దగ్గరగా పెట్టుకుని తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. ఖాలిదా నసిగింది.

"పడింది చిచ్చా. కానీ తప్పు పడింది. 'ఖోబర్ దర్జీ మిస్టర్ హ్యాండ్లూమ్' అని వేశారు."

ఇస్సాక్ కుర్చీలోంచి జారి కింద కూర్చుని నవ్వాడు. హన్మాండ్లు ముందు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత, ఏడు తరాలుగా మగ్గం మీద నేసిన ఇంటివాడి పేరును ఆ పేపరు వాడు తెలియక రాసినా సరిగ్గానే రాశాడనిపించి అతనూ నవ్వాడు. ఆ నెలంతా ఇస్సాక్ అతణ్ణి "హ్యాండ్లూమ్ సారూ" అనే పిలిచాడు.

నవంబరులో ఫలితాలొచ్చాయి. గ్రెగ్ తమ్ముడు గెలిచాడు. అనుకున్నంత మెజారిటీ రాలేదని ఖాలిదా చెప్పింది గానీ, గెలుపు గెలుపే.

"గెలిచినంక ఆ టోపీ పెట్టుకున్నడా?" అని అడిగాడు హన్మాండ్లు.

"లేదు చిచ్చా. ఆ ఫోటోలన్నీ తీసేశాడు."

అప్పుడే ఒక పాకిస్తానీ డ్రైవరు లారీ సీటు గుడ్డ తెచ్చి, మీద రెండు చిలకలు కుట్టమన్నాడు. హన్మాండ్లు గుడ్డ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ చిలకలు?" అన్నాడు హిందీలో. "ఎవరివి?"

"చిలకలు, భాయ్," అన్నాడు డ్రైవరు అయోమయంగా. "ఉత్త చిలకలు. నా భార్యకు ఇష్టం."

"సరే, కూర్చో," అని హన్మాండ్లు ఆకుపచ్చ దారం ఎక్కించాడు.