ఒక కాలి బూటు విప్పుకున్న మనిషి

వస్తువు నచ్చితే ముందు దానికి వంక పెట్టాలి. మా ఇంట్లో నడక తర్వాత నేర్పిన విద్య ఇదే. మా నాన్నకు జహీరాబాద్‌లో బట్టల దుకాణం. ఆయన పోయాక దుకాణమూ, దాని పైన గదీ, ఆ విద్యా నాకు మిగిలాయి. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. సంబంధాలకు కూడా వంకలు పెట్టి లేచి వచ్చేవాణ్ణి, అవతలివాళ్లు వెనక్కి పిలుస్తారని. ఎవరూ పిలవలేదు.

డెబ్బయ్యో దశకం చివర్లో, మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు పక్క సందులో ఫోటోలకు పటాలు కట్టే ముసలాయన దగ్గర కూర్చునేవాణ్ణి. ఆయనా ఒంటరే. నేను చాచా అనేవాణ్ణి, ఆయన బేటా అనేవాడు. రోజంతటిలో బేరం లేని మాట నాకు అక్కడే దొరికేది.

ఆయన గోడకు ఒక పాత ఫోటో ఉండేది. ఎవరో పటం కట్టమని ఇచ్చి మళ్లీ రాలేదట. విదేశంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు జీతాలివ్వడం మొదలైన కాలం నాటిది. ఆట మధ్య విరామం. బురద నిక్కర్లతో ఆటగాళ్లు నారింజ తొనలు చప్పరిస్తూ నవ్వుతున్నారు. కెమెరా ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. పక్కన చెక్కపెట్టె మీద ఒకడు, ఒక కాలి బూటు విప్పుకుని, మేజోడు చిల్లును చూసుకుంటున్నాడు.

"ఆడినందుకు జీతమా చాచా? మా నాయిన వింటే దుకాణం బంద్ జేసి బాల్ పట్టుకుంటుండె."

"ప్రతి టీంల గిసొంటోడు ఒకడుంటడు బేటా. పట్నంల మా టీంల నేనుంటి. అందరు నవ్వుతుంటె నేను బూట్లు జూసుకుంట కూసుంటుంటి."

ఫోటోలోని ఆ మనిషిని నా గదికి తెచ్చుకోవాలనిపించింది. అన్నం తినేటప్పుడు ఎదురుగా ఒకడుంటాడు కదా. నెల రోజులు తటపటాయించి ఒకనాడు అడగబోయాను. నోరు మాత్రం అలవాటైన పని చేసుకుపోయింది.

"రంగు దిగిపోయింది చాచా. మూలకు చెద తిన్నది. గీ పెట్టె మీద కూసున్నోడు మొత్తం ఫోటోనే ఖరాబ్ జేసిండు. ఎవ్వడు కొంటడు దీన్ని?"

చాచా సుత్తె కింద పెట్టాడు. "నేను ధర జెప్పిన్నా?"

పద్ధతి ప్రకారం లేచాను. పది అడుగుల్లోపు వెనక నుంచి పిలుపు రావాలి. చెప్పులు నెమ్మదిగా తొడుక్కున్నాను. సందు చివర ఆగి బీడీ ముట్టించాను. మేకులు కొడుతున్న చప్పుడే వినిపించింది.

మర్నాడు వెళ్తే గోడ మీద ఫోటో లేదు, అదున్నంత మేర తెల్లటి మచ్చ ఉంది.

"ఫోటో ఏది చాచా?"

"లోపల పెట్టిన. ఎవ్వడు కొనడంటివి గద." తలెత్తలేదు. "నిన్న నువ్వొచ్చేసరికి దానికి కొత్త అద్దం కోసి, పటం కడుతుంటి. ఊకెనే నీకు ఇద్దామని."

తప్పయిందనే మాట నాకు రాలేదు. మూలన గోడకు ఆ పటం ఫోటో లేకుండా ఖాళీగా ఆనించి ఉంది. దాని ధర అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు ఇచ్చాను, జీవితంలో మొదటిసారి. చాచా దాన్ని పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"మంచిగ జూస్కొని తీస్కపోండ్రి సేటు. అద్దానికి గీతలుంటె ఇప్పుడే జెప్పుండ్రి."