గుర్రాల గాలి పడని పిల్ల

వడ్రంగి కూతురికి ఏడేళ్లప్పుడు బడికి సెలవులిచ్చారు. ఇంట్లో పిల్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేక తండ్రి తనతో పాటు పనికి తీసుకుపోయాడు. ఆ వారం ఆయనకు స్వారీ నేర్పే చోట పని. గుర్రాలు తన్ని తన్ని విరగ్గొట్టిన లాయం తలుపులు బాగుచేయాలి. ఆయన సంచిలోంచి రంపం తీసి ఇటు తిరిగాడో లేదో, పిల్ల ఒక గోధుమరంగు గుర్రం ముక్కు కింద నిలబడి ఉంది.

"ఇటు రా, కరుస్తుంది!" అని కేకేశాడు.

"కరవదు నాన్నా. అది నన్ను వాసన చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నా" అంది పిల్ల, వెనక్కి తిరక్కుండానే.

ఇక ఆ రోజు నుంచి ఆమెకు మరో ధ్యాస లేదు. తోటివాళ్లు పెద్ద చదువుల్లో ఏది తీసుకోవాలో తెలియక తలలు పట్టుకుంటుంటే, ఆమె అశ్వశాస్త్రం కోర్సుకు దరఖాస్తు పెట్టేసి వచ్చి ఆ తరవాత ఇంట్లో చెప్పింది. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేచోట పనిచేసేది. ఎప్పుడూ ఆవిరికి ఉబ్బిన చేతులతో ఉండేది.

"గుర్రం గురించి రెండేళ్లు చదవడానికి ఏముంటుందే? నాలుగు కాళ్లూ ఒక తోకా, అంతేగా!" అంది తల్లి.

"రెండేళ్లూ చదివినా ఒక్క కాలు పూర్తవదట అమ్మా."

తండ్రి నవ్వాడు. ఆ నవ్వుతోనే ఒప్పుకున్నట్టయింది.

కాలేజీలో కింద లాయాలు, మేడ మీద తరగతి గదులు. తెల్లారేసరికి కింద పేడ ఎత్తి, దాణా పెట్టి, మాలీషు చేసి, బూట్లు మెట్ల దగ్గర వరసగా విడిచి పైకెక్కేవాళ్లు. తరగతి గదిలో ఒక మూల గుర్రం అస్థిపంజరం నిలబెట్టి ఉండేది. దాని పక్కన నిలబడి మేడమ్ పాఠం చెప్పేది. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదని, అందుకే దానికి కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికొస్తుందని విన్న రోజు ఆమెకు అన్నం సయించలేదు. అంత పెద్ద ఒంట్లో అంత చిన్న దారి లేకపోవడమేమిటని బాధపడింది.

లాయాలన్నిటికీ పెద్ద ఒకాయన. నలభై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. చదువు అంతంతమాత్రం. అయినా గుర్రం రాళ్ల బాట మీద నడిచివస్తుంటే అటు చూడకుండానే ఏ కాలు నొప్పిగా ఉందో చెప్పేసేవాడు. పిల్లలందరికీ ఆయన బాబాయ్. బక్కపల్చగా ఉండి, ఒకచోట నిలవకుండా గెంతుతూ తిరిగే ఈ పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టింది ఆయనే. నెల తిరిగేలోపు మేడమ్ కూడా హాజరు పట్టీ పక్కన పెట్టి అలాగే పిలవడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఆ పిచ్చుక చేత్తో తాకితే ఎంత మొండి గుర్రమైనా కాలెత్తి ఇస్తుంది. మీకు తన్నులిస్తుంది. ఎందుకో పుస్తకంలో రాశారేమో వెతుక్కోండి" అని మగపిల్లల్ని ఆటపట్టించేవాడు బాబాయ్.

రెండో టర్ములో దగ్గు మొదలైంది. ముందు జలుబనుకుంది. తరవాత గడ్డి దుమ్మనుకుంది. లాయంలోంచి బయటికొచ్చి మెట్లెక్కేసరికి ఛాతీలో పిల్లికూతలు వినపడేవి. గదిలో తనతో ఉండే స్నేహితురాలు ఒక ఉదయం దుప్పటి తీసి కూర్చుని, "ఇది దుమ్ము కాదే. డాక్టరుకు చూపించుకో" అంది.

చూపించుకుంది. కాలేజీ డాక్టరుకు కాదు. బస్సెక్కి ఊరి రెండో కొసకు వెళ్లి, తనను ఎరగని ఒక డాక్టరు దగ్గర. ఆయన చేతి మీద వరసగా చుక్కలు వేసి, సూదితో గుచ్చి, కాసేపు ఆగి చూశాడు. ఒక్క చుక్క దగ్గర మాత్రం చర్మం దద్దురెక్కి ఎర్రగా పొంగింది.

"మీకు గుర్రాలు పడవమ్మా. వాటి వెంట్రుకలు, చర్మం పొట్టు, ఏదీ పడదు. ఏం చదువుతున్నారు?"

"కుట్టుపని" అంది.

"అయితే ఇబ్బంది లేదు. గుర్రాల జోలికి మాత్రం పోకండి. పోయినకొద్దీ ముదురుతుంది" అని నవ్వి, పీల్చుకునే మందు రాసిచ్చాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఆ చీటీని చదివి, మడిచి, మళ్లీ చదివింది. దిగేసరికి నిశ్చయానికి వచ్చేసింది. ఇంకో ఏడాది ఎలాగో ఈదేస్తే చేతికి సర్టిఫికెట్ వస్తుంది. ఆ తరవాతి సంగతి ఆ తరవాత. ఇంట్లో చెప్పలేదు. బాబాయ్‌కీ చెప్పలేదు. స్నేహితురాలి చేత ఒట్టు వేయించుకుంది. లాయంలోకి వెళ్లేముందు దాణా గది వెనక నిలబడి ఒకసారి మందు పీల్చేది, వచ్చాక ఒకసారి.

"ఏంటి తల్లీ ఆ దగ్గు?" అని బాబాయ్ అడిగితే, "గడ్డి దుమ్ము బాబాయ్" అంది. మర్నాటి నుంచి ఆయన ఆమె వరసలో గుర్రాలకు వేసే గడ్డి తానే నీళ్లలో తడిపి పెట్టడం మొదలుపెట్టాడు. తడి గడ్డి మోపులు ఎత్తి ఎత్తి ఆయన చొక్కా ఎప్పుడూ తడిగానే ఉండేది. అది చూసినప్పుడల్లా ఆమెకు నిజం చెప్పేయాలనిపించేది. నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఆఖరి టర్ములో నాడాలు కొట్టేవాడు వచ్చిన రోజు అది. పిల్లలు వంతులవారీగా గుర్రాన్ని పట్టుకోవాలి. ఆమెకు వచ్చింది ఒక కుర్ర గుర్రం, బెదురుగొడ్డు. ఎర్రగా కాలిన నాడా గిట్టకు ఆనించగానే పొగ గుప్పున లేచింది. ఛాతీ బిగిసింది. జేబు తడుముకుంది. మందు డబ్బా ఉంది గాని, రెండుసార్లు నొక్కినా అందులోంచి ఏమీ రాలేదు. పక్కనే స్నేహితురాలు ఉంది. "పగ్గం ఇటివ్వు" అంది కూడా. ఇస్తే అందరికీ తెలిసిపోతుందని ఆమె తల అడ్డంగా ఊపింది. పగ్గాన్ని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. అలా చుట్టకూడదని మొదటి రోజే నేర్పిన సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

మోకాళ్ల మీద కూలబడింది. పగ్గం గుంజుకోవడంతో గుర్రం బెదిరి ముందుకాళ్లెత్తి లేచింది. బాబాయ్ ఎక్కడ నిలబడి ఉన్నాడో, ఎలా వచ్చాడో ఎవరూ చూడలేదు. ఆమె చేతినుంచి పగ్గం లాగి పారేసి, ఆమెను అవతలికి తోసేశాడు. దిగిన కాళ్లలో ఒకటి ఆయన మోకాలి మీద పడింది.

ఇద్దరినీ ఒకే బండిలో ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆమెకు ఊపిరి రెండు గంటల్లో అందింది. ఆయన మోకాలు మళ్లీ వంగలేదు.

కాలేజీవాళ్లు ఆమెను లాయాల్లో అడుగు పెట్టనివ్వలేదు. ప్రాక్టికల్ లేకుండా సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదన్నారు. రాతపరీక్షలు మాత్రం పట్టుపట్టి రాసింది. శరీరశాస్త్రంలో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెవే. తండ్రి వచ్చి పెట్టె మోసుకుంటూ మెట్లు దిగుతూ, "ఆ రోజు నిన్ను పనికి తీసుకుపోకుండా ఉండాల్సింది" అన్నాడు.

"ఆ ఒక్క మాట అనకు నాన్నా" అంది ఆమె. తండ్రి మళ్లీ అనలేదు.

రెండు నెలలు ఆమెకు బాబాయ్ ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. చివరికి వెళ్లింది. ఆయన కాలు బల్ల మీద చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె కుర్చీలో కూడా కూర్చోకుండా అంతా చెప్పేసింది. ఏడాది ముందే తెలుసని, డాక్టరుకు అబద్ధం చెప్పానని, గడ్డి దుమ్ము కానే కాదని.

ఆయన చాపిన కాలును రెండు చేతులతో పట్టి కాస్త సర్దుకున్నాడు.

"నేనూ దాచినవాణ్ణే తల్లీ" అన్నాడు. "పక్కటెముక విరిగితే నెల్లాళ్లు ఎవరికీ చెప్పకుండా పని చేశాను, ఇంటికి పంపించేస్తారని. కాబట్టి దాచావని నిన్నేమీ అనలేను. కానీ పగ్గం పక్కదానికి ఇచ్చుండాల్సింది. అది మాత్రం తప్పే."

"తప్పే బాబాయ్."

"కూర్చో మరి. పిన్ని టీ పెడుతోంది."

ఆమె మందుల దుకాణంలో పనికి కుదిరింది. వారానికి ఆరు రోజులు పని. ఆదివారం బాబాయ్ ఇంటికి. మూడేళ్లు ఒక్క వారం తప్పలేదు. ఆయన గుర్రాల కబుర్లు చెప్పేవాడు, ఆమె వినేది. ఎప్పుడు వెళ్లినా ఇల్లు తుడిచి, కిటికీలన్నీ తెరిచి, ఆయన ఉతికిన చొక్కాతో పెళ్లికి బయల్దేరినవాడిలా కూర్చుని ఉండేవాడు.

ఒక ఆదివారం వెళ్లేసరికి ఆయన ఇంకా స్నానాల గదిలో ఉన్నాడు. పెరట్లో రేకుల గదిలో వేలాడుతున్న కోటు చూసి, "ఇది ఇక్కడెందుకు పిన్నీ, చెమ్మ పట్టదూ?" అంది.

"అది లాయంలో వేసుకునే కోటు అమ్మా. నీకు పడదని లోపలికి తేనివ్వడు" అంది పిన్ని మామూలుగా. "కర్ర పట్టుకుని రోజూ అక్కడికే పోతాడుగా. ఆదివారం మాత్రం పోడు, నువ్వొస్తావని. ఆదివారాలే ఊళ్లో చిన్నపిల్లలొచ్చి స్వారీ నేర్చుకునేది. ఆయనకోసం కంచె పక్కన కుర్చీ కూడా వేసి ఉంచేవాళ్లు. ఇప్పుడు వేయడం మానేశారులే."

పిన్ని గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుకు దిగింది.

మరుసటి శనివారం ఆమె ఫోన్ చేసి, "బాబాయ్, దుకాణంలో ఇకనుంచి ఆదివారాలు కూడా డ్యూటీ వేశారు" అంది.

"ఎన్నాళ్లు?"

"తెలీదు బాబాయ్. మనిషి దొరికేదాకా అంటున్నారు."

"సరే తల్లీ. వేళకింత తిను" అన్నాడు.

ఆదివారాలు ఆమె తన గదిలో బట్టలు ఉతుక్కుంటూ గడిపేది. కాలేజీ లాయంలోనే ఉద్యోగం దొరికిన స్నేహితురాలు అప్పుడప్పుడు ఫోన్ చేసేది. బాబాయ్ మళ్లీ కంచె పక్కన కూర్చుంటున్నాడని, కళ్లెం గట్టిగా లాగిన పిల్లల్ని కర్ర ఊపి తిడుతున్నాడని చెప్పేది. "నీ సంగతి ప్రతి వారం అడుగుతాడే. ఇంకా మనిషి దొరకలేదా అంటాడు" అంది ఒకసారి. ఆమె బట్టలు ఆరేయాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.

రెండేళ్లకు ఒక ఉదయం ఆయన నిద్రలోనే పోయాడు. కబురు తెలిసి వెళ్లేసరికి ఇల్లంతా లాయం మనుషులు. అందరూ పనిలోంచి అలాగే వచ్చేసినట్టున్నారు, బూట్లు కూడా మార్చుకోలేదు. ఆమె గడప దాటి నాలుగడుగులు వేసింది. ఆయన మొహం దూరం నుంచి కనపడింది. అంతలోనే ఛాతీ బిగుసుకుపోయింది. మందు పీల్చింది. ఇంకో రెండడుగులు వేసింది. కుదరలేదు. బయటికి వచ్చి, రోడ్డు దాటి, ఎదురింటి గోడకు ఆనుకుని నిలబడింది.

కాసేపటికి పిన్ని అంతమందినీ లోపల వదిలేసి రోడ్డు దాటి వచ్చింది. దగ్గరిదాకా వచ్చి, తన ఒంటికీ ఆ వాసన అంటి ఉంటుందేమోనని చేతులు చాపబోయి ఆగిపోయింది. ఆమే ముందుకు వచ్చి పిన్నిని పట్టుకుంది.