ఆగిన సాంచెలు

ముందే చెప్తున్న, గోరంతను కొండగట్టంత చేసుడు నాకు అలవాటు. మా ఇంటోళ్లు నా మాటలల్ల సగం తీసేసి వింటరు. మీరూ గట్లనే వినుండ్రి.

మా అన్నకు సిరిసిల్లల ఇంటెన్క నాలుగు సాంచెలున్నయి. ఆ మరమగ్గాల చప్పుడుకు వేములవాడల కొబ్బరికాయలు వాటంతటవే పగులుతయి. చప్పుడు ఆగిందంటే అన్న మళ్ల తాగ పోయిండని వాడకట్టంతటికీ ఎరుకైతది. గందుకే మా వదినె ఆగనియ్యలేదు. ఆయన గడప దాటంగనే సాంచెల కాడికి ఉరికి, తెగిన పోగులు అతుక్కుంట నిలవడేది. "మీ ఆయన మస్తు కష్టజీవి" అని పక్కింటామె అంటే "అవునక్కా" అని నవ్వేది. ఆఖరికి కుడిచెయ్యి పైకి లేవక, జడ అల్లుకునుడు సుత బందైంది.

నేను కోరుట్ల నుంచి పోయి అన్నను తిట్టి తిట్టి అలిసిపోయిన. తాగుడు మానుతడని కొండగట్టు అంజన్న మాల ఏయించినం. మెడల మాల ఉన్నన్ని దినాలు ఆయనే దేవుడు. మాల తీసినంక గుట్ట దిగేదాక సుత ఆగలే.

జగిత్యాలల తాగుడు మాన్పించే డాక్టరమ్మకు చూపిద్దామని తోలుకపోతే, బస్టాండులనే మాయమైండు. పేరు రాయించిన చీటి ఉన్నది గదా అని వదినె, నేను లోపలికి పోయి సంగతంత చెప్పినం.

డాక్టరమ్మ వదినె చెయ్యి పట్టి చూసింది. "ఆయన తాగ పోతే సాంచెలు ఎవరు నడుపుతరమ్మా?"

"నేనే."

"ఇగ నడపకు. ఆయన పని ఆయనకే ఉండనియ్యి."

తిరుగు బస్సుల వదినె గునిగింది. "సాంచెలు ఆగితే వాడకట్టంత ఇనబడ్తదయ్యా."

"ఆగినయి ఎట్ల ఇనబడ్తయి వదినె?"

"సిరిసిల్లల గదే పెద్ద చప్పుడు."

మళ్లొకసారి అన్న పోయినప్పుడు వదినె సాంచెల దిక్కు పోలే. బయట గద్దె మీద కూసున్నది. నేను పక్కనే ఉన్న. పక్కింటామె రానే వచ్చింది. "సాంచెలు ఆగినయేందే?"

వదినె జరసేపు కొంగు నలిపింది. "ఆయన తాగ పోయిండక్కా."

పక్కింటామె వచ్చి పక్కన కూసున్నది. "మా పెద్దోడు సుత గంతేనే" అన్నది.

పొద్దుగూకినంక అన్న వచ్చిండు. ఆగిన సాంచెల ముందట నిలవడి, కండ్లు తుడుచుకొని, తానే స్విచ్చి ఏసి పోగులు అతికిండు.

ఇగ అబద్ధం ఏదంటరా? కొబ్బరికాయలు మీరే తీసేసి ఉంటరు. అన్న స్విచ్చి ఏసిండన్నది కూడ నేను కల్పించిందే. ఆయన వచ్చి పండుకున్నడు. ఇప్పటికీ తాగుతనే ఉన్నడు. సాంచెలు కొన్ని దినాలు నడుస్తయి, కొన్ని దినాలు ఆగుతయి. ఆగిన దినం వదినె మధ్యాహ్నం ఓ కునుకు తీస్తది. మొన్న పోతే, పళ్లు బిగపట్టుకొని, మెల్లగ, తన జడ తానే అల్లుకుంటున్నది.